నాలుగాకుల కూర

మా అమ్మ కలుపు తీతకు పోయి వచ్చేటప్పుడు ఒడి నిండా కూర తెచ్చేది. గట్టెమ్మట, మడి మూలన నీళ్ళు నిలిచిన చోట బురదలో పాకే కూర. సన్నటి కాడ, దాని చివర నాలుగే నాలుగు ఆకులు. మా పల్లెలో దాన్ని నాలుగాకుల కూర అనేవాళ్ళం. కాస్త చింతపండు, పచ్చిమిరపకాయలు వేసి ఉడకబెట్టి ఎనిపితే ఇంటిల్లిపాదికీ ఆ పూట గడిచేది.

రేపల్లె దగ్గర పల్లె మాది. కృష్ణ నీళ్ళు కాలువల్లో వచ్చి ఆసాముల చేలు తడిపి, మిగిలింది మురుగై మా ఇళ్ళ పక్కగా సముద్రానికి పోయేది. మంచినీళ్ళ కాలువ ఊరికి, మురుగు కాలువ మాకు. ఆ మురుగు గట్టునే ఈ కూర కూడా.

2007లో తెనాలిలో బీయస్సీలో చేరాను. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేనే. బోటనీలో టెరిడోఫైటా పాఠం. సారు నల్లబల్ల మీద మార్సీలియా బొమ్మ వేస్తుంటే నా గుండె జల్లుమంది. అది మా అమ్మ ఒడిలోదే! లేచి నిలబడి, "సార్, ఇది మాకు తెలుసు. మేం వండుకుంటాం" అన్నాను. "కలుపు తింటారా మీరు?" అన్నాడాయన. క్లాసంతా నవ్వింది. ఆ రోజు నుంచి నా పేరు 'కలుపు'.

నెల రోజులు ఇంటికాడ ఆ కూర ముట్టలేదు. "ఏందిరా, చదువుకుంటే కూర చేదయిందా?" అంది అమ్మ. నేనేం చెప్పను? ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తది. తిన్నందుకు కాదు, మానినందుకు.

ఆ కసితోనే పుస్తకం పట్టుకున్నాను. మార్సీలియా మినూటా. 1771లో లిన్నేయస్ పెట్టిన పేరు. మార్సిగ్లి అనే ఇటలీ దొర పేరు ముందు, చిన్నది అనే మాట వెనక. ఇది పువ్వు పూయదు, విత్తనం కట్టదు. ఫెర్న్ జాతి. లేతాకు గడియారం స్ప్రింగులాగా చుట్టుకొని పుడుతుంది, అదే ఫెర్న్ గుర్తు. నీళ్ళుంటే ఆకులు తేలతాయి, నీళ్ళు తీస్తే కాడ మీద నిలబడతాయి. కాడ మొదట్లో గింజలాంటి గట్టి కాయ, దాన్ని స్పోరోకార్ప్ అంటారు. చెరువు ఎండినా, చేను బీటలు తీసినా ఆ కాయ చావదు. ఏళ్ళ తర్వాత తడి తగిలినా మొలుస్తుంది.

అమ్మకు ఫెర్న్ అనే మాట తెలీదు. కానీ "ఇది పువ్వు పూయదురా, పొద్దుగూకితే ఆకులు ముడుచుకుంటది" అని నాకు చిన్నప్పుడే చెప్పింది. ఇది చదువు కాదా? మరి దీనికి మార్కులు ఎవరేస్తారు?

ఆస్ట్రేలియాలో దీని అక్కచెల్లెలుంది, నార్డూ అంటారు. అక్కడి ఆదివాసులు దాని కాయల్ని వేయించి, నూరి, నీళ్ళతో కలిపి తినేవాళ్ళు. 1861లో బర్క్, విల్స్ అనే తెల్ల అన్వేషకులు ఆకలికి తాళలేక ఆ కాయలే తిన్నారు. పద్ధతి తెలియక తిన్నారు. అందులో బి1 విటమిన్‌ను నాశనం చేసే పదార్థం ఉంటుందని, వాళ్ళు చిక్కి చనిపోవటానికి అదొక కారణమని పరిశోధకులు అంటారు. వాళ్ళతో పోయిన కింగ్‌ను మాత్రం ఆ ఆదివాసులే చేరదీసి బతికించారు. ఎవరిది అజ్ఞానం?

ఇప్పుడు బాపట్ల దగ్గర సర్కారు బడిలో పంతుల్ని. తెనాలి నుంచి రోజూ రైల్లో పోతాను. మధ్యలో చుండూరు వస్తది. 1991 ఆగస్టు 6న అక్కడ మనవాళ్ళను 8 మందిని నరికారు. శవాల్ని గోతాల్లో కుక్కి తుంగభద్ర మురుగు కాలువలో వేశారు. బోటనీలో 'ఆవాసం' అని ఒక శీర్షిక ఉంటది. కాలువ గట్లు, మురుగు, చేల అంచులు అని రాస్తాం. ఆ శీర్షిక కింద మమ్మల్ని కూడా రాయొచ్చు.

బాపట్లలో 1945 నుంచీ వ్యవసాయ కళాశాల ఉంది. వ్యవసాయ శాస్త్రం ఈ మొక్కను వెడల్పాకు కలుపుల్లో చేర్చింది. వరికి ఇది కలుపే, కాదనను. అయితే పీకిందెవరు? వండుకున్నదెవరు? ఇప్పుడు కలుపుకి మందు కొడుతున్నారు. అమ్మకు కూలీ పోయింది, కూరా పోయింది. "మందు కొట్టిన చేలో కూర కోయగూడదురా" అంటది. ఆమె నేర్చిన కొత్త పాఠం అది.

మొన్న ఎండిన కాయలు బడికి తీసకపోయాను. బ్లేడుతో అంచు కోసి గాజుగ్లాసు నీళ్ళలో వేశాను. కాసేపటికి జిగురు తాడు ఒకటి మెల్లగా బయటికి పాకింది, దాని పొడవునా సిద్ధబీజాల సంచులు. పిల్లలు నోళ్ళు తెరిచారు. వెనక బెంచీ పిల్ల ఒకతి లేచి, "సార్, ఇది మా అమ్మమ్మ వండుద్ది" అంది. ఇద్దరు ముగ్గురు నవ్వబోయారు.

"నేనూ తింటాను" అన్నాను.

నవ్వు ఆగింది. "ఎట్టా వండుద్దో ముందుకొచ్చి చెప్పమ్మా" అన్నాను. ఆ పిల్ల నల్లబల్ల దగ్గరకొచ్చింది. సుద్దముక్క దాని చేతిలో పెట్టి, నేను పోయి వెనక బెంచీ మీద కూర్చున్నాను.