హాలు అడగడానికొచ్చినవాళ్ళు

2023 జూలై 9, ఆదివారం

లయన్స్ క్లబ్బు సెక్రటరీగా జూలై 1న బాధ్యత తీసుకున్నాను. పాత సెక్రటరీ గారు మినిట్స్ బుక్కు, రెండు పాస్‌బుక్కులు, తాళాల గుత్తి, హాలు ఫోను అప్పజెప్పారు. పనంతా ఫోనుతోనే.

ఇది ఆషాఢం. 18 నుంచి అధిక శ్రావణం. ఆగస్టు 17న నిజ శ్రావణం వచ్చేదాకా పెళ్ళిళ్ళు లేవు. అందుకే అందరికీ అప్పటి ముహూర్తాలకే హాలు కావాలి. అద్దె ఎంత, వంటవాళ్ళను బయటి నుంచి తెచ్చుకోవచ్చా, జనరేటరుకు డీజిలు ఎవరు పోయించాలి, కుర్చీలు మీవేనా. ఇవన్నీ ఒక కాగితం మీద రాయించి గేటు దగ్గర అంటించాలి. కరెంటుకు మీటరు రీడింగు ప్రకారమే తీసుకోవాలి. రద్దయితే ఎంత తిరిగిస్తామో కూడా ముందే రాసి ఉండాలి. పెద్దమనిషికి ఒక రేటు, ఆటో నడిపేవాడికి ఒక రేటు నా హయాంలో ఉండవు.

పాస్‌బుక్కులు రెండెందుకని కొత్త సభ్యుడొకాయన అడిగాడు. సభ్యుల చందాలు ఒక ఖాతాలో, జనం నుంచి సేవకని వచ్చిన డబ్బు ఇంకో ఖాతాలో. జనం ఇచ్చింది జనానికే పోవాలి, మన భోజనాలకూ బ్యాడ్జీలకూ దాన్ని ముట్టుకోకూడదు. లయన్స్‌లో ఇది గట్టి నియమం. హాలు మరమ్మతులు పోను మిగిలిన అద్దె కూడా సేవ ఖాతాలోనే వేయాలని నా పట్టుదల.

జూలై 16, ఆదివారం

పొద్దున్నే వాచ్‌మన్ పిలిచాడు. గేటు దగ్గర ఒక ముసలామె, మనవరాలి చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. "బాబూ, ఇక్కడ కళ్ళు చూస్తారంట గదా?" కుడికన్ను నల్లగుడ్డు మధ్యలో తెల్లగా కనబడుతోంది, శుక్లం బాగా ముదిరింది. అన్నం వడ్డించుకుంటే కంచం దాటి పడుతోందని మనవరాలు చెప్పింది.

మా కంటి క్యాంపు రోజు డాక్టర్లు ఇక్కడే చూస్తారు కానీ ఆపరేషన్ ఇక్కడ చెయ్యరని వివరంగా చెప్పాను. బీపీ, షుగరు చూసి, బస్సులో కంటాసుపత్రికి తీసుకెళ్ళి, లెన్సు వేసి మళ్ళీ ఇక్కడే దింపుతారు. ఆధార్ జిరాక్సు, వాడే మందుల చీటీ తెచ్చుకోమన్నాను. ఆమె మళ్ళీ అడిగింది: "డబ్బులెంతవుద్ది బాబూ?" ఏమీ అక్కర్లేదంటే నమ్మలేదు. మనవరాలి నోట చెప్పిస్తే నమ్మింది.

1925లో ఒహాయోలోని సీడార్ పాయింట్‌లో జరిగిన లయన్స్ మహాసభలో హెలెన్ కెల్లర్ అంధుల పక్షాన నిలబడమని కోరారు. కంటి పని లయన్స్‌కు ముఖ్యమైంది అప్పటి నుంచే. మా బోర్డు మీద ఆ సంగతి లేదు. హాలు కట్టడానికి విరాళాలిచ్చినవాళ్ళ పేర్లున్నాయి. వాటి కింద క్యాంపు వివరాలు పెద్ద అక్షరాలతో రాయించాలి.

ఆగస్టు 12, శనివారం

నిన్న రాత్రి పదకొండు దాటాక ఫోను. హాలు కోసమేమో అనుకుంటూ తీశాను. "సెక్రటరీ గారూ, నాన్నగారు గంట క్రితం పోయారండి. కళ్ళివ్వాలని అనేవారు. ఫారం మాత్రం నింపలేదు. శుక్లాల ఆపరేషనయింది, షుగరుంది. పనికొస్తాయాండీ?"

పనికొస్తాయి. ఫారం లేకపోయినా ఇంట్లోవాళ్ళ అంగీకారం చాలు. ఫ్యానాపమన్నాను. కళ్ళు మూసి, రెప్పల మీద తడిపిన దూది ఉంచి, తల కింద దిండు పెట్టమన్నాను. మరణ ధ్రువపత్రం కోసం డాక్టరును పిలవమన్నాను. ఆరు గంటల లోపల తీయాలి, అందులో గంట అప్పుడే అయిపోయింది. ఐ బ్యాంకుకు ఫోను చేసి, వాళ్ళింటికి బయల్దేరాను.

టెక్నీషియన్ ఒంటిగంటన్నరకు వచ్చాడు. పని ఇరవై నిమిషాల్లో అయిపోయింది. పరీక్షలకు కొంచెం రక్తం కూడా తీసుకున్నాడు. మొహం ఎలా ఉంటుందోనని బయటే నిలబడిపోయిన ఆయన భార్య లోపలికి వచ్చి చూసి, "నిద్రపోయినట్టే ఉన్నారు" అంది. కార్నియా దెబ్బతిని చూపు పోయిన ఇద్దరికి ఆయన ఇచ్చినవి ఉపయోగపడవచ్చు.

ఆగస్టు 19, శనివారం

కళ్ళిచ్చినాయన కొడుకు వచ్చాడు, గుండు మీద తువ్వాలు కప్పుకుని. 22న పెద్దకర్మ భోజనాలకు హాలిస్తారా అని మొహమాటపడుతూ అడిగాడు. ఇంకో రెండుచోట్ల కుదరదన్నారట. రసీదు రాసిచ్చాను.

సాయంత్రం కమిటీలో ఒకాయన అభ్యంతరం చెప్పారు. 24న పెళ్ళి ఉంది, వాళ్ళకు తెలిస్తే బాగుండదన్నారు. శుభకార్యాలకే ఇస్తామని మన నియమావళిలో ఎక్కడుందో చూపించమన్నాను. చావు జరిగిన ఇంటివాళ్ళకు పది మందికి అన్నం పెట్టడానికి చోటివ్వకపోతే దీన్ని సేవా క్లబ్బు హాలనకూడదు. ఇందులో నేను తగ్గను. ప్రెసిడెంటు గారు నా మాటే బలపరిచారు.

ఆగస్టు 23, బుధవారం

నిన్న భోజనాలు పద్ధతిగా జరిగాయి. రాత్రే హాలంతా కడిగించాం. ఇవాళ హైస్కూలు మాస్టారొకరు అడిగితే చంద్రయాన్ దిగడం చూడటానికి పిల్లలకు హాలు ఉచితంగా ఇచ్చాం. ఆరు దాటాక విక్రమ్ దిగిందనగానే పిల్లలు బెంచీలెక్కి అరిచారు.

పెళ్ళివారి తరఫున పెద్దాయన పందిరి కొలతలకు వచ్చారు. నిన్నటి సంగతి నేనే చెప్పాను. కాసేపు ఆలోచించి, "మా ఇంట్లోనూ అలాంటి రోజు రాకపోదు కదండీ" అన్నారు. బుకింగు అలాగే ఉంది.

ఆగస్టు 27, ఆదివారం

నేత్రదాన పక్షోత్సవాలు శుక్రవారం మొదలయ్యాయి. సెప్టెంబరు 8 దాకా. మొదటి రోజే వరలక్ష్మీ వ్రతం కావడంతో మా సభకు ఆడవాళ్ళెవరూ రాలేకపోయారు. వాళ్ళ కోసం ఇంకోరోజు పెట్టాలి. ఇంట్లో ఎవరైనా పోయిన సమయంలో నిలబడి మాట్లాడేది వాళ్ళే.

వచ్చే జూలైలో ఇచ్చే అప్పగింతల కాగితానికి మొదటి వాక్యం ఇప్పుడే రాసి పెట్టాను: అయ్యా, హాలు ఫోను రాత్రిళ్ళు ఆపెయ్యకండి. అద్దె అడిగేవాళ్ళు పొద్దున మళ్ళీ చేస్తారు, కళ్ళిస్తామనేవాళ్ళకు ఉన్న గడువు ఆరు గంటలే.