తీర్మానము తరువాతి దినము

సభలలో సాహసోక్తులకు కొదువ లేదు. స్త్రీవిద్యను గూర్చి తీర్మానము ప్రతిపాదించిన వారికి చప్పట్లు లభించును. మరునాడా తీర్మానము పుస్తకములో నిద్రించును. ఒక సంఘమున ఎవరు నిజముగా విశిష్టులో తెలియవలెనన్నచో, తీర్మానము తరువాతి దినమున ఎవరేమి చేసిరో చూడవలెనని నాకు తోచుచున్నది.

1921 నవంబరులో హైదరాబాదున కార్వే పండితుని అధ్యక్షతన సంఘసంస్కార సభ జరిగెను. అన్యభాషా ప్రసంగములను శ్రద్ధతో వినిన సభాసదులు, ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాటలాడ నారంభింపగనే అల్లరి చేసిరి. సంస్కారసభయందు ఎంతటి సంస్కారము! ఆ యవమానము నుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది.

దానికి కార్యదర్శియైన మాడపాటి హనుమంతరావుగారు మితవాదులు. విన్నపము, వినయము, చట్టమునకు లోబడిన మాట, ఇవియే వారి పద్ధతులు. తరువాతి తరమున పలువురకు ఆ నెమ్మది రుచింపలేదు. అట్టి నెమ్మదస్తులే 1928లో హైదరాబాదున తెలుగులో బోధించు బాలికల పాఠశాలను నెలకొల్పుటకు పూనుకొనిరి. ఆ రాజ్యమున ఉన్నతవిద్య ఉర్దూలో. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమును ఆ భాషలోనే బోధించుచుండెను. మరి తెలుగున చదివిన బాలికకు పరీక్ష పెట్టువారెవరు? పట్టా ఇచ్చువారెవరు? పట్టా రాని చదువునకు ఏ తండ్రి కుమార్తెను ఎన్ని యేండ్లు పంపును? బడి తెరచుటకంటె ఈ ప్రశ్న కఠినము. పెక్కు ఉద్యమములు ఇచ్చటనే ఆగిపోవును. మాడపాటివారు ఆగలేదు. 1916లో కార్వేగారు స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయము దేశభాషలలో బోధనను అంగీకరించినది. మన బాలికలు దాని పరీక్షలకు కూర్చుండిరి. తెలుగుమాటను విననొల్లని సభకు అధ్యక్షులైన వారి సంస్థయే తెలుగు బాలికలకు దారి చూపినది. మితవాదులని పేరుపడినవారు చేసిన ఈ పని ఎన్ని ఆవేశపూరిత ప్రసంగములకు సాటిరాదు!

ఇది నేను మరిపెడనుండి వ్రాయుచున్నాను. 2016 వరకు వరంగల్లు జిల్లాలోనుండి, పిదప మహబూబాబాదు జిల్లాలో చేరిన యూరు ఇది. సమీపముననే దాశరథి కృష్ణమాచార్యులవారు 1925లో జన్మించిన చిన్నగూడూరు కలదు. ధైర్యమనగానే ఇచ్చట ఎల్లరకును, నిజాము చెరసాలలో సైతము కవిత్వము చెప్పిన ఆయనయే జ్ఞప్తికి వచ్చును. తగును. కాని ధైర్యమునకు ప్రతిదినము చెరసాల దొరకునా?

నేను పద్దులు వ్రాయు మహిళా పొదుపు సంఘమొకటి కలదు. బర్రెకు అప్పు, విత్తనములకు అప్పు, పెండ్లికి అప్పు. వీనిని ఎవ్వరును ప్రశ్నింపరు. గడచిన యేడు ఒక సభ్యురాలు, ఆడపిల్లల పైచదువునకు కూడ అప్పీయవలెనని ప్రతిపాదించినది. తన పిల్ల కొరకు కాదు. ఆమెకు ఇద్దరును కుమారులే. పదవ తరగతితో చదువు ఆపివేయనున్న పొరుగింటి బాలిక కొరకు అడిగినది. “బర్రె పాలిస్తది, సదువేమిస్తది?” అని ఒకామె యనగా అందరును నవ్విరి. మంచి యాలోచనయే, వచ్చే యేడు చూతమని పెద్దలు తేల్చిరి. వచ్చే యేడనగా ఏమో సంఘములెరిగిన వారికి వేరుగ చెప్పనేల?

మరుసటి వారము ఆమె బర్రె కొరకు తనకు రావలసిన అప్పును వదలుకొన్నది. “నా వంతు నాకొద్దక్కా, ఆ పిల్లకియ్యుండ్రి. కట్టకపోతే నన్నడుగుండ్రి” అన్నది. అంతట కాదనుటకు ఎవ్వరికిని నోరు రాలేదు. బర్రె లేని లోటు ఆ యింట నేటికిని కలదు. భర్త సణుగుట మాన లేదు. బాలిక హనుమకొండ వసతిగృహమున నుండి ఇంటరు చదువుచున్నది. ఈ నెల మరి ఇద్దరు తల్లులు అట్టి అప్పునకే వచ్చి అడిగిరి, వారిలో నాడు నవ్విన యామె యొకతె. వారి కోరికలు ఇంకను నిర్ణయము కాలేదు. మొదటి బాకీ తీరుట చూచి ఇత్తమని అధ్యక్షురాలి పట్టు.

తొలి వాయిదా సంక్రాంతికి. జామీను గడిలో ఉన్నది వేలిముద్ర. ఆమెకు వ్రాలు చేయుట రాదు.