స్వరం జారే చోటు

దండారి రోజుల్లో పర్ధాన్ తాత పెప్రె ఊదుతుంటే వింటూ పెరిగినవాళ్లం మేము. టీచర్ ట్రైనింగ్‌కు పట్నం పోయినప్పుడు మా చేతికి చిక్కింది మాత్రం బ్యాండు మేళంవాళ్ల పాత క్లారినెట్టు. మా గూడేల నుంచి వెళ్లిన ముగ్గురం దాన్ని వంతులవారీగా ఊదేవాళ్లం. సరిగమలు వచ్చాయి, పాట రాలేదు.

సెలవుల్లో తాతకు వినిపించాం. "పలుకుతోంది బిడ్డా, ఏడవడం లేదు" అన్నాడు గోండిలో. మాకు చిన్నతనమనిపించింది.

పెప్రెకు మీటలుండవు, వేళ్లే రంధ్రాల మీద జారుతాయి. క్లారినెట్టులో వేళ్లు నేరుగా మూసే రంధ్రాలు ఏడే, మిగతావి మీటల కింద ఉంటాయి. ఆ ఏడింటి మీదే సాధన మొదలుపెట్టాం. వేలిని టక్కున ఎత్తకుండా రంధ్రం అంచు మీదుగా మెల్లగా జార్చాం. కింది పెదవిని కాస్త వదులు చేస్తే స్వరం కిందికి వంగింది. ఊపిరిని పొట్టలోంచి సన్నగా మొదలుపెట్టి, నిండుగా పెంచి, మళ్లీ సన్నగా ముగించడానికే రెండేళ్లు పట్టింది. ఎ.కె.సి. నటరాజన్ ఇదే వాయిద్యం మీద కర్ణాటక సంగీతం పలికించారని తర్వాత తెలిసింది. లోపం వాయిద్యానిది కాదు.

మళ్లీ వెళ్లేసరికి తాతకు పళ్లు ఊడిపోయాయి. పెప్రె గోడకు వేలాడుతోంది. మేము ఊదింది విని, "ఇప్పుడు మనదే" అన్నాడు. సంతోషించాం, సిగ్గుపడ్డాం కూడా. ఆయన పలుకు తెచ్చుకున్నాం గానీ ఆయన పెప్రె పట్టలేదు.

ఈ దండారికి ముందే మా బడి పిల్లలిద్దరిని ఆయన దగ్గర కూర్చోబెట్టాం. పక్కనే మేమూ కూర్చున్నాం.