కరెంటు తీగ మీద పాలపిట్ట

పొద్దున పత్తి మార్కెట్ పక్కన కరెంటు తీగ మీద పాలపిట్ట వాలింది.
"మామా, గదేం పిట్ట?" అన్నడు మా అక్క కొడుకు. ఎనిమిదో తరగతి.

దసరా నాడు మనమంతా వెతుక్కునే పిట్ట. మన రాష్ట్ర పక్షి!
ఆఫ్రికా సింహం ఎట్ల వేటాడుతదో వానికి తెలుసు, టీవీల చూసిండు. ఇంటి ముందటి పిట్ట తెల్వదు.
తప్పు వానిది కాదు. దీని సినిమా వానికి ఎవరు చూపిచ్చిన్రు?

మన చుట్టున్న వాటి మీద సినిమాలు తీసినోళ్లు గూడ ఉన్నరు. జహీరాబాద్ దిక్కు పస్తాపూర్‌ల డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత ఆడవాళ్లు కెమెరాలు పట్టి తమ విత్తనాల మీద, పాత పంటల మీద సినిమాలు తీసిన్రు. 2003ల మన పక్క వరంగల్ బీటీ పత్తి రైతుల గోస గూడ తీసిన్రు. పత్తి మీద బతికే మన జమ్మికుంటల అది ప్రతి బడిల చూపియ్యాలె అనిపిస్తది నాకు.

నువ్వు గూడ పాలపిట్టను తియ్యి అని సాయంత్రం వానికి నా ఫోనిచ్చిన. చెరువుకట్ట మీద అరగంట కదలకుండ కూసున్నడు.
వచ్చింది నలభై సెకన్ల వీడియో. పిట్ట లేస్తుంటే రెక్కల నీలం ఒక్కపారి విచ్చుకున్నది.
పదిసార్లు చూసిన.

మీ పిల్లలకు ఎన్ని పిట్టలు తెలుసు? మీ ఊర్ల పిలిచే పేర్లతోనే రాయున్రి, వానికి చూపిస్త.