కొలతలో న్యాయం, ఈతలో న్యాయం

వ్యాపారి చేతిలోని కొలబద్ద ఒక అమానత్. సీతంపేట వారపు సంతలో బట్టలమ్మి బతికే కుటుంబం మాది. కొండ దిగివచ్చే సవర సోదరులు మా కొలతను నమ్మి డబ్బు చేతిలో పెడతారు. బద్దను వేలెడు జరిపితే ఆ పూటకు లాభమే. కానీ కొలతల్లో, తూకాల్లో తగ్గించేవారిని హెచ్చరించడానికి దివ్యఖుర్‌ఆన్‌లో ‘ముతఫ్ఫిఫీన్’ అనే సూరాయే అవతరించింది. ఈత పోటీల దుస్తుల వివాదాన్ని నేను ఈ దృష్టితోనే చూస్తాను.

2008 ఫిబ్రవరిలో స్పీడో సంస్థ ‘ఎల్‌జెడ్‌ఆర్ రేసర్’ అనే దుస్తును తెచ్చింది. నాసా సహకారంతో పరీక్షించిన వస్త్రం, కుట్టకుండా అతికించిన అంచులు, దేహాన్ని బిగించి నీటి ఒరిపిడిని తగ్గించే పాలీయురిథేన్ పట్టీలు దాని ప్రత్యేకతలు. ఆ ఏటి బీజింగ్ ఒలింపిక్స్ ఈతలో నమోదైన 25 ప్రపంచ రికార్డుల్లో 23 దాన్ని ధరించినవారివే. మరుసటి ఏడు ఇతర సంస్థలు ఇంకా ముందుకు పోయాయి. రోమ్ ప్రపంచ పోటీల్లో 43 రికార్డులు నెలకొన్నాయి. అక్కడ జర్మనీ ఈతగాడు పాల్ బీడర్‌మన్ 400 మీటర్లను 3 నిమిషాల 40.07 సెకన్లలో ముగించి, ఇయాన్ థోర్ప్ 2002 నాటి రికార్డును సెకనులో నూరో వంతు తేడాతో అధిగమించాడు. ఆ నూరో వంతు మనిషిదా, దుస్తుదా?

అంతర్జాతీయ ఈత సమాఖ్య ‘ఫినా’ 2010 జనవరి 1 నుంచి అటువంటి దుస్తులను నిషేధించింది. వస్త్రంతో చేసినవే ఉండాలని, మందం 0.8 మిల్లీమీటర్లు దాటరాదని నిర్ణయించింది. వందల డాలర్లు పెట్టగలవాడికీ పెట్టలేనివాడికీ ఒకే త్రాసు ఉండాలనే ఆ తీర్పు న్యాయమైనదే.

అయితే ఆ నిబంధనలు పొడవుకూ హద్దు గీశాయి. పురుషుల దుస్తు నాభిని, మోకాలిని దాటరాదు. మన ఫిఖహ్ పురుషునికి చెప్పే సతర్ కూడా ఈ మేరకే కనుక ముస్లిం యువకునికి చిక్కు లేదు. స్త్రీల దుస్తు మాత్రం మెడను కప్పరాదు, భుజాన్నీ మోకాలినీ దాటరాదు. చేతులూ కాళ్లూ కప్పుకొని ఈదదలచిన మన ఆడపిల్లకు కొలనులో తావు లేకపోయింది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో థోర్ప్ మణికట్టు నుంచి చీలమండ దాకా కప్పుకొని పతకాలు గెలిస్తే లోకం దాన్ని విజ్ఞానమని మెచ్చుకుంది. వేగం కోసం కప్పుకుంటే ప్రగతి, హయా కోసం కప్పుకుంటే వెనుకబాటుతనం అవుతుందా?

ఆస్ట్రేలియాలో అహెదా జనెట్టి 2004లో రూపొందించిన బుర్కినీ వంటి వదులు దుస్తు నీటిని పట్టి మనిషిని వెనక్కి లాగుతుందే తప్ప వేగమివ్వదు. దాన్ని ధరించిన అమ్మాయి త్రాసును తనవైపు వంచుకోవడం లేదు. అదనపు బరువును తానే మోస్తోంది. ఇంగ్లండ్ ఈత సంఘం ఈ సంగతి గ్రహించి, వేగానికి తోడ్పడని వస్త్రమైతే దేహమంతా కప్పే దుస్తుకు తన పోటీల్లో అనుమతి ఇచ్చింది. ఒత్తయిన జుట్టుకు తగిన ‘సోల్ క్యాప్’ను 2021లో నిరాకరించిన ఫినా, 2022లో ఆమోదించింది. నిబంధనలు మారగలవు.

అవి మారేదాకా మనం చేయవలసిన పని మన ఇళ్లలోనే ఉంది. ఈత ఇస్లామీయ సంప్రదాయం మెచ్చిన విద్య, ప్రాణం కాపాడే విద్య. వానాకాలంలో వాగులు పొంగే ఈ కొండసీమలో కొడుకుకు ఈత నేర్పి, దుస్తుల సాకుతో కూతురిని గట్టునే ఉంచడం కూడా కొలతలో తగ్గించడమే. తగిన దుస్తు, స్త్రీలకు ప్రత్యేక వేళ, నేర్పగల మహిళ ఉండేలా చూడటం తల్లిదండ్రుల బాధ్యత. సంతలో బద్దను సరిగా పట్టే చేయి, ఇంట్లోనూ సరిగా పట్టాలి.