సెలవులకొచ్చిన పిల్ల పరుగు

వేసవి సెలవులకి విశాఖ వస్తున్నారా? రండి, రండి. ఆర్కే బీచి, కురుసుర సబ్‌మెరైను, కైలాసగిరి, సింహాచలం, వీలుంటే అరకు... చూడాల్సినవన్నీ ఇంట్లో ఎప్పుడో అనేసుకుని ఉంటారు. అందులో చేరనిది మీ అమ్మాయి ప్రాక్టీసు ఒక్కటే. సెలవులవగానే పోటీలు. కోచ్ గారు మానొద్దన్నారు. ఇక్కడేమో అమ్మమ్మగారింటి నిండా చుట్టాలు. పిల్ల నలుగురిలో కూర్చుని అన్నం తింటోందన్న మాటే గానీ, మనసంతా గ్రౌండులోనే.

ముందు ఆ బెంగ తీర్చండి. 1980ల్లో రాబర్ట్ హిక్సన్ అనే అమెరికా పరిశోధకుడు ఇదే సంగతి పరీక్షించి చూశాడు. వారానికి ఆరు రోజులు, రోజుకి 40 నిమిషాలు కష్టపడిన వాళ్ళని రెండు రోజులకి దించితే, 15 వారాలైనా వాళ్ళ దమ్ము తగ్గలేదు. రోజులు, నిమిషాలు అలాగే ఉంచి జోరు తగ్గించినప్పుడు మాత్రం తగ్గింది. కాబట్టి గంటన్నర ప్రాక్టీసు అరగంటకి కుదించినా ఫరవాలేదు, ఆ అరగంటా గట్టిగా చేస్తే చాలు. తక్కిన రోజంతా హాయిగా చుట్టాలకీ, చిన్నపిల్లలకీ ఇచ్చేయొచ్చు.

ఇక మా ఊరి ఉక్క గురించి చెప్పాలి. ఇక్కడ చెమట ధారలు కడుతుంది గానీ ఆరదు. చెమట ఆరితేనే కదా ఒళ్ళు చల్లబడేది! అందుకని మీ ఊళ్ళో సులువుగా పరుగెత్తే వేగానికే ఇక్కడ గుండె దడదడలాడుతుంది. ఒంటికి ఈ గాలి అలవాటు కావాలంటే వారం, రెండు వారాలు పడుతుంది. అప్పటికి మీ రిటర్న్ టికెట్ తేదీ వచ్చేస్తుంది. అందుకే వాచీలో అంకెలు చూసి దిగులు పడొద్దనండి. ఊపిరి ఎంత బరువుగా ఆడుతోందో, అదే లెక్క.

మే నెలలో ఐదున్నరకల్లా సూర్యుడు సముద్రం మీదికి వచ్చేసి ఉంటాడు. ఆరున్నర దాటితే ఇక ఎండే. ఆలోపే బీచ్ రోడ్డుకి చేరాలి. ఆ వేళ కొంతసేపు అటు బళ్ళు రానివ్వరు, రోడ్డంతా నడిచేవాళ్ళదీ పరుగెత్తేవాళ్ళదీ. ఇసుకలోకి దిగితే మాత్రం చూసుకోవాలి. పొడి ఇసుకలో కాలు కూరుకుపోతుంది, రోడ్డు మీద కంటే ఒకటిన్నర రెట్లకు పైగా శక్తి ఖర్చవుతుంది. అల వెనక్కి వెళ్ళాక గట్టిపడిన తడి ఇసుక నయం. కానీ అది నీళ్ళవైపు వాలి ఉంటుంది, ఎప్పుడూ ఒకే వైపు పరుగెడితే ఒక మోకాలి మీదే బరువు పడుతుంది. వెళ్ళినంత దూరమూ వెనక్కి రావాలి.

పరుగయ్యాక సముద్రంలో ఈత మాత్రం వద్దే వద్దు. ఇక్కడ నీళ్ళు లోపలికి లాగేస్తాయి. ఎంత బాగా ఈదే పిల్లయినా సరే, కొలనుకే తీసుకెళ్ళండి.

సింహాచలంలో సింహాద్రి అప్పన్న దర్శనానికి కొండ మీదకి కారులో వెళ్ళొద్దు. మెట్లదారి పట్టండి, వెయ్యికి పైగా మెట్లున్నాయి. మొక్కున్నవాళ్ళు మెట్టు మెట్టుకీ పసుపు రాసి బొట్టు పెడుతూ ఎక్కుతుంటారు, అక్కడ పరుగులు పనికిరావు. అమ్మమ్మ చెయ్యి పట్టుకుని నెమ్మదిగా ఎక్కితే పిక్కలకి ఆ పూట పని దొరికినట్టే, ఆవిడకి తోడు దొరికినట్టే. ఆషాఢ పౌర్ణమికి ముందురోజు గిరిప్రదక్షిణంలో 32 కిలోమీటర్లు నడిచే ముసలమ్మల్ని చూసినవాళ్ళకి ఓపిక గురించి వేరే చెప్పక్కర్లేదు.

హర్డిల్స్ పరుగెత్తే యర్రాజీ జ్యోతి ఈ ఊరి అమ్మాయే. తండ్రి సెక్యూరిటీ గార్డు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో రజతం తెచ్చింది. 2024లో పారిస్ ఒలింపిక్స్‌కి వెళ్ళింది, 100 మీటర్ల హర్డిల్స్‌లో మన దేశం నుంచి ఒలింపిక్స్‌కి వెళ్ళిన మొదటి ఆడపిల్ల తనే. శిక్షణ కోసం చిన్న వయసులోనే ఇల్లు వదిలి హాస్టళ్ళకి పోవలసి వచ్చింది. ఇంటిల్లిపాదితో కలిసుండే ఈ నాలుగు రోజులు ఆటలో ఉన్న పిల్లలకి ఎంత అపురూపమో పెద్దవాళ్ళు గుర్తుపెట్టుకోవాలి.

అందుకని పొద్దున్నే బూట్లు కట్టుకుంటున్న పిల్లని "సెలవులకొచ్చి కూడా పరుగులేంటే?" అని ఆపకండి. మావయ్యనో బాబాయినో తోడివ్వండి. వచ్చేసరికి ఉప్పేసిన మజ్జిగా, వేడివేడి పెసరట్లూ సిద్ధంగా ఉంచండి. సాయంత్రం అదే బీచిలో తమ్ముళ్ళతో కూర్చుని మురీ మిక్చర్ తింటానంటే, దానికీ అడ్డు చెప్పకండి.