అది బొమ్మ గాదు, ముగ్గు

చిత్రకళ నేర్చుకునే పిల్లలకు ముందు కొన్ని మాటలు తెలియాలి. రేఖ, ఆకారం, సౌష్టవం, ఖాళీ జాగా. కరీంనగర్ పక్క పల్లెలో నేను బొమ్మలు నేర్పే పిల్లల కోసం ఈ మాటలతో ఒక పట్టిక రాద్దామనుకున్నాను. పుస్తకాలు తిరగేస్తే ప్రతి మాట పక్కనా యూరప్ బొమ్మే.

"మీ ఇంట్లో ఎవరన్నా బొమ్మలు వేస్తారా?" అని ఎనిమిదో తరగతి అమ్మాయిని అడిగాను. ఎవరూ వెయ్యరంది. మరి వాకిట్లో? "అది బొమ్మ గాదు మేడం, ముగ్గు. మా అమ్మ ఏస్తది."

ఆ అమ్మ వేసేది ఏడు చుక్కల ముగ్గు, సందు చుక్క నాలుగు వరకు. నడిమి వరసలో 7, పైకీ కిందికీ 6, 5, 4. మొత్తం 37 చుక్కలు. కొలబద్ద లేదు, రబ్బరు అసలే లేదు. సానుపు చల్లిన నేల మీద నడుం వంచి, వేళ్ళ సందు నుంచి పిండి ఎంత జారాలో అంతే జారుస్తుంది. మెలికల ముగ్గయితే గీత చుక్కను ముట్టదు, దాని చుట్టూ తిరుగుతుంది. ఆ మధ్య మిగిలిన నేలనే మన పుస్తకాలు ఖాళీ జాగా అంటాయి. ఎటు నుంచి చూసినా ఒకేలా కనబడడం సౌష్టవం. ఇన్ని తెలిసిన మనిషిది కళ కాదని ఆ పిల్లకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పి ఉండరు. రోజూ చేసేది, పైసా రానిది, పొద్దెక్కేసరికి కాళ్ళ కింద చెరిగిపోయేది ఇంటిపని కిందికే వస్తుంది మరి.

రంగుల పాఠానికి తోట వైకుంఠం బొమ్మలు చూపిస్తాను. 1942లో అప్పటి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారాయన. నిండు బొట్టు పెట్టుకున్న తెలంగాణ ఆడవాళ్ళు, ముదురు ఎరుపు, పసుపు, గట్టి గీత. పిల్లలు వెంటనే గుర్తుపడతారు. అయితే ఆ స్త్రీలు ఎక్కువగా సింగారించుకునే కనిపిస్తారు. తునికాకు కత్తిరించి బీడీలు చుట్టే చేతులు ఏవీ అని నాకు అనిపిస్తుంది. ఆ మాట కూడా పిల్లలతో అంటాను.

గీత ఒక వస్తువుగా ఎలా మారుతుందో చెప్పడానికి దొక్రా కంటే మంచిది లేదు. పాత ఆదిలాబాద్ జిల్లా ఉషేగాంలో ఓజాలు మట్టి అచ్చు మీద మైనపు దారాలు చుట్టి, పైన మళ్ళీ మట్టి మెత్తి కాలుస్తారు. మైనం కరిగిపోయిన జాగాలో ఇత్తడి పోస్తారు. బొమ్మను తడిమితే ఆ దారాలు ఇంకా వేలికి తగులుతాయి. 2018లో దీనికి భౌగోళిక గుర్తింపు దక్కింది.

ఉద్యమాల దగ్గర ఇంప్రెషనిజం, క్యూబిజం రెండు ముక్కల్లో ముగించి, స్త్రీవాద కళ గురించి కాస్త ఎక్కువే రాశాను. 1970లలో అమెరికాలో మిరియం షపీరో వంటివాళ్ళు ఆడవాళ్ళ కుట్లు, అల్లికలు, గుడ్డముక్కలు తెచ్చి కాన్వాసు మీద అతికించారు. ఇదీ కళే అన్నారు.

పట్టికలో ఇప్పుడు ఇంకో వరస గీశాను, "మీ ఇంట్లో దీన్నేమంటారు?" అని. అది నింపాలంటే అమ్మల్ని అడగాలి. బీడీలు అప్పజెప్పి వచ్చాక గానీ వాళ్ళకు తీరిక దొరకదట.